బొటనవేలి మొదట్లో సన్నని కొమ్మ

అనాటమీ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరే ట్యూటర్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మనం రోగిని చూడం, మందు రాయం. కత్తి పట్టినా ప్రాణం లేని ఒంటి మీదే పెడతాం. అందుకని మన తప్పు మనకు కనపడదు. అది అయిదారేళ్ళ తరవాత, మన దగ్గర పాఠం విన్నవాళ్ళ చేతుల్లోంచి, ఏదో ఊళ్ళో, ఎవరి ఒంటి మీదో బయటపడుతుంది. నా తప్పు ఒకటి నాకు కనపడింది. అది అదృష్టమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను ఇరవై ఏడేళ్ళు చెయ్యీ కాలూ చెప్పాను. తల, పొట్ట వేరేవాళ్ళు చెప్పేవారు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "కాలేజీలో మీరేం చెప్తారండీ" అని అడిగితే "కాళ్ళూ చేతులూ" అనేదాన్ని. సగం మంది నన్ను డ్రిల్లు టీచరనుకునేవారు. ప్రమోషన్లు, ఇన్‌స్పెక్షన్లు ఇక్కడ రాయను. వాటి గురించి చెప్పేవాళ్ళు మీకు చాలామందే దొరుకుతారు.

హాలు

మొదటిరోజు పిల్లలు శవం మొహం చూసి భయపడతారని అందరూ అనుకుంటారు. మొహానికి మేం గుడ్డ కప్పే ఉంచుతాం. నేను చూసినంతలో వాళ్ళు తడబడేది అరచెయ్యి దగ్గర. మా బల్లల మీదికి వచ్చేవి ఎక్కువగా తమవాళ్ళంటూ ఎవరూ రానివాళ్ళ ఒళ్ళు. కాయలు కాచిన అరచేతులు, పగిలిన గోళ్ళు. పత్తి తీసినవాళ్ళో, పొగాకు కట్టినవాళ్ళో. బతికినన్నాళ్ళూ ఏం పని చేశారో ఆ చెయ్యి చూస్తే కొంత తెలుస్తుంది. ఆ చేతిని తిప్పి పట్టుకున్నప్పుడు పిల్లల మాట తగ్గిపోతుంది.

భయం నాకూ ఉండేది. అది శవం భయం కాదు. ఒక్కో బల్ల చుట్టూ నిలబడ్డ వాళ్ళని చూసి, వీళ్ళలో ఎవరు ఎవరి చెయ్యి పాడుచేస్తారో అనుకునేదాన్ని. దాన్ని కోపంలా కనపడేట్టు చేసుకోవడం మొదటి ఏడాదే నేర్చుకున్నాను. పిల్లలు నా వెనక ఏం పేరు పెట్టారో నాకు తెలుసు. ఇక్కడ చెప్పను.

పోర్షన్

మా డిపార్ట్‌మెంట్ పెద్ద సీతారామయ్యగారు. మనిషి మంచివాడు, పిల్లలకి ఎప్పుడూ అన్యాయం చెయ్యలేదు. ఆయనకి ఉన్న జబ్బు ఒక్కటే, పోర్షన్. అరచేతికి రెండు రోజులు. మూడోరోజు ముంజేయి వెనక వైపుకి వెళ్ళిపోవాల్సిందే.

అరచేతి చర్మం మందం. దాని కింద కొవ్వు గట్టిగా, మెతుకులు మెతుకులుగా ఉంటుంది. శవం పాడవకుండా వాడే ఫార్మలిన్‌లో నానాక అది ఇంకా బిగుసుకుపోతుంది. దాన్ని తీసేటప్పుడు బొటనవేలి మొదట్లో ఒక సన్నని నరం కొమ్మ కత్తికి తగిలి తెగిపోతుంది. దారప్పోగంత ఉంటుంది. మణికట్టు దాటి కిందికి వచ్చిన పెద్ద నరం నుంచి వెనక్కి వంపు తిరిగి, బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండలోకి వెళుతుంది. చర్మానికి వెళ్ళదు, కండకి మాత్రమే. బొటనవేలు మిగతా వేళ్ళ ఎదురుగా వచ్చి పట్టు పట్టేది ఆ కండ వల్లే.

ప్రతి ఏడూ, ప్రతి బల్ల మీదా అది తెగేది. కొత్తలో సీతారామయ్యగారి దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"దొరక్కపోతే బొమ్మ చూపించమ్మా. అది పరీక్షకి బల్ల మీద అడిగేది కాదు. మనకి పోర్షన్ అవ్వాలి," అన్నారు.

బొమ్మ చూపించాను. పదేళ్ళకి పైగా బొమ్మే చూపించాను. ఆయన చెప్పారు కాబట్టి అని అనను. నాకూ సుఖంగానే ఉండేది.

ఆ రోజుల్లోనే ప్రసాద్ అని ఒక కుర్రాడు. వాళ్ళది సింగరాయకొండ దగ్గర ఊరు, వ్యవసాయ కుటుంబం. క్లాసులో మొదటి ముగ్గురిలో ఉండేవాడు. వైవాలో ఆ కొమ్మ గురించి అడిగితే ఎక్కడ పుడుతుందో, ఎటు తిరుగుతుందో, ఏ కండలకి వెళుతుందో టేపు పెట్టినట్టు అప్పజెప్పాడు. మీ బల్ల మీద చూపించమన్నాను.

"కట్ అయిపోయింది మేడమ్," అన్నాడు.

నేను నవ్వేసి మంచి మార్కులు వేశాను. ఆ నవ్వు మీకు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పెన్ను

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మొదటి సంవత్సరం బ్యాచ్‌లో ఎస్తేరు అని ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళది పొదిలి దగ్గర మెట్ట పల్లె. తండ్రి లేడు. తల్లి మరియమ్మ చిలకలూరిపేట వైపు ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయలకి తొడిమలు తీసే పనిలో ఉండేది. ఆ కూలితోనే పిల్ల హాస్టల్లో ఉండి చదువుతోంది. ఎస్తేరు క్లాసులో నోరు విప్పేది కాదు.

ఫిబ్రవరిలో అరచెయ్యి పాఠం వచ్చింది. ఎప్పటిలాగే బొమ్మ చూపించి, పరీక్ష ఎలా చెయ్యాలో చెప్పాను. చెయ్యి వెల్లకిలా బల్లకి ఆనించి, బొటనవేలిని నిటారుగా పైకప్పు వైపు ఎత్తాలి. పైన మనం ఒక పెన్ను అడ్డంగా పట్టుకుంటాం. వేలు వెళ్ళి పెన్నుని తాకాలి. పిల్లలు ఒకరి మీద ఒకరు చేసి చూసుకుని నవ్వుకున్నారు.

ఆదివారం వాళ్ళమ్మని చూసి వచ్చి, సోమవారం ఉదయం ఎస్తేరు నా గది గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, ఒక డౌటండి."

"అడుగు."

"పెన్నుకి వేలు అందకపోతే ఆ నరం తెగినట్టేనా అండి?"

"ఎవరికి అందలేదు?"

"మా అమ్మకండి."

మర్నాడు తీసుకురమ్మన్నాను.

మరియమ్మ నలభై ఏళ్ళ మనిషి, సన్నగా ఉంది. చెయ్యి చూపించడానికి సిగ్గుపడింది. కుడి బొటనవేలి మొదట్లో అడ్డంగా ఒక గాటు, కుట్లు తీసి మూడు వారాలై ఉంటుంది. పక్కామె మిరపకాయల టిక్కీ, అదే బస్తా, కుట్లు కోస్తుంటే ఈమె దాని మూతి పట్టుకుందట. కత్తి జారింది. గాటు చిన్నదే. దాని పక్కన కండ అప్పుడే చదునవుతోంది.

పెన్ను పట్టుకున్నాను. వేలు పక్కకి జరిగింది కానీ పైకి లేవలేదు.

"కాయ ఒలుస్తుంటే తొడిమ వెంట దాని మొదట్లో టోపీ కూడా ఊడొస్తందండి," అంది. "గింజలన్నీ రాలిపోతన్నాయి. చిరిగిన కాయ ఎవరు కొంటారు? మేస్త్రి ప్రస్తుతానికి ఊడ్చే పని ఇచ్చాడు."

"ఆసుపత్రిలో కుట్లు వేసేటప్పుడు డాక్టరుగారు ఏం చూశారమ్మా?"

"సూదితో వేళ్ళన్నీ పొడిచి చూశాడండి. తెలస్తందా అన్నాడు. తెలస్తంది, మంటగా కూడా ఉందన్నాను. మంట తెలిస్తే నరం బాగున్నట్టే, ఏం భయంలేదు పో అన్నాడు. మిరపకాయల్లో పనిచేసేదాన్ని, నా వేళ్ళకి మంట ఎప్పుడు లేదు చెప్పండి."

అదీ జరిగింది. ఆ కొమ్మ చర్మానికి వెళ్ళదని పైన చెప్పాను. అది తెగినా సూది పోటు తెలుస్తుంది, కారం మంటా తెలుస్తుంది. వేలిని పైకి ఎత్తమని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

"ఆ డాక్టరు పేరేమిటి?"

"ప్రసాదుగారండి. చిన్నోడే. మంచోడు. నేను రక్తం చూసి ఏడుస్తుంటే తనే నీళ్ళు తాగించాడు."

ప్రసాద్

ఆ ఆసుపత్రికి ఫోన్ చేశాను. మా సింగరాయకొండ కుర్రాడే. అతని గొంతు విన్నాక తిట్టాలనుకున్నవన్నీ మర్చిపోయాను.

"సెన్సేషన్ మొత్తం చూశాను మేడమ్. అన్ని వేళ్ళూ నార్మల్."

"వేలు ఎత్తమన్నావా?"

"లేదు మేడమ్."

"ఆ కొమ్మ ఎక్కడుంటుందో తెలుసుగా?"

"తెలుసు మేడమ్. ఇప్పుడడిగినా మొత్తం చెప్తాను. కానీ ఎప్పుడూ చూడలేదు. మా బల్ల మీద కట్ అయిపోయింది కదా."

అతను నన్ను తప్పుపట్టడానికి ఆ మాట అనలేదు. తప్పుపట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మర్నాడు మొదటి బస్సుకే వచ్చాడు. మరియమ్మ ఎదురుగా కూర్చుని ఆ చెయ్యి చాలాసేపు చూశాడు. అలాంటప్పుడు పెద్దవాళ్ళు ఏదో ఒకటి చెప్పి సర్దేస్తారు, దెబ్బ లోతుగా పడింది, ఇలాంటివి జరుగుతుంటాయి అని. సర్దేద్దామని నాకూ అనిపించింది. ఆ అబ్బాయి మొహం చూసి ఆగాను.

"మరియమ్మా, చూడాల్సిన నరం ఇతను చూసుకోలేదు. ఇతనికి నేను చూపించలేదు. తప్పు మా ఇద్దరిదీ," అన్నాను.

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరేనండి. ఇప్పుడు చూడండి," అని చెయ్యి బల్ల మీద పెట్టింది.

ప్లాస్టిక్ సర్జరీ చేసే నా స్నేహితురాలు వసుంధర మార్చి మొదట్లో ఆపరేషన్ చేసింది. ప్రసాద్, నేను ఆమె వెనక నిలబడ్డాం. కళ్ళకి భూతద్దాలు పెట్టుకుని, మచ్చ కింద నుంచి తెగిన రెండు కొసలూ వెతికి పట్టుకుంది. వెంట్రుక కన్నా సన్నని దారంతో కలిపింది. ఇన్నేళ్ళుగా పేరు చెబుతున్న ఆ కొమ్మని ప్రాణమున్న చేతిలో నేను చూడడం అదే మొదటిసారి.

"నరం కుట్టాను, పెరగడం దాని పని. నేను మాటివ్వలేను," అంది వసుంధర.

సోమవారం పొట్లాలు

ఎస్తేరు ఆ వారమే నా గదికి వచ్చింది.

"అమ్మకి కాయ ఒలవడం రాకపోతే సీజను దాటాక మేస్త్రి ఉంచడండి. నేను పరీక్షలు రాయకుండా వెళ్ళిపోతాను. ఏదన్నా బళ్ళో టీచరుగా చేరతాను."

వద్దని చెప్పడానికి నాకు ఏ హక్కూ లేదనిపించింది. అయినా చెప్పాను. పరీక్షలయ్యేదాకా ఆగమన్నాను. కట్టు విప్పాక ప్రతి వారం అమ్మ చేత్తో ఒలిచిన పది కాయలు పొట్లం కట్టి తెమ్మన్నాను. ఎన్ని చిరుగుతున్నాయో చూస్తే నరం ఎంతవరకు వచ్చిందో మనకే తెలుస్తుందన్నాను.

ఆ ఏడాది నేను ఇంకో పని కూడా చేశాను. బల్లల మీద ఎడమ అరచేతులు ఇంకా తెరవలేదు. సీతారామయ్యగారి దగ్గరికి వెళ్ళి ఒక్క అరచేతికి మూడు రోజులు అదనంగా కావాలన్నాను. ఆయన గొణిగారు. నేను కదల్లేదు. చర్మాన్ని ఉల్లిపొరలా తీయించి, ప్రతి బల్ల దగ్గరా నిలబడ్డాను. ఎనిమిది బల్లల్లో అయిదింటి మీద కొమ్మ దొరికింది. ఎస్తేరు బల్ల మీద అందరికన్నా శుభ్రంగా దొరికింది.

ఏప్రిల్ నుంచి పొట్లాలు మొదలయ్యాయి. చిలకలూరిపేట నుంచి తెలిసినవాళ్ళెవరో బస్సులో తెచ్చి ఇచ్చేవారు. మొదటి పొట్లంలో ఏడు చిరిగాయి. తరవాత ఆరు, మళ్ళీ ఎనిమిది. మే అంతా ఆరూ ఏడూ. గదిలో ఫార్మలిన్ వాసనకి మిరప ఘాటు తోడై వచ్చినవాళ్ళందరూ తుమ్మేవారు. ఎస్తేరు పొట్లం విప్పేటప్పుడు నా మొహం చూసేది. నేను కాయల్ని చూసేదాన్ని.

జూలైలో ఒక సోమవారం పదికి పది కాయలూ నిండుగా ఉన్నాయి.

"వచ్చేసింది మేడమ్," అంది ఎస్తేరు. ఆ పిల్ల నవ్వగా చూడడం అదే మొదలు. పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. ఇక చదువుకుంటానని చెప్పి వెళ్ళింది.

నేను కాయలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. నరం ఒక బియ్యపు గింజ పొడవు పెరగడానికి వారం పడుతుంది. పెరిగాక కండని తాకాలి, కండ మేలుకోవాలి. పోయినవారం ఆరు చిరిగి, ఈవారం ఒక్కటీ చిరగకపోవడం నరాల పద్ధతి కాదు.

షెడ్డు

గురువారం సెలవు పెట్టి చిలకలూరిపేట బస్సెక్కాను. షెడ్డులో ఆడవాళ్ళు ముక్కులకి కొంగులు కట్టుకుని వరసలుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఎర్రటి గుట్టలు. మరియమ్మ నన్ను చూడకముందే నేను ఆమెని చూశాను. ఎడమ చేత్తో ఒలుస్తోంది. పక్కవాళ్ళు రెండు తీసేలోపు ఈమె ఒకటి తీస్తోంది.

నన్ను చూసి ఎడమ చెయ్యి కాయల కింద దాచేసింది.

"కొంగు అడ్డం పెట్టుకోండి మేడమ్, ఘాటు మీకు పడదు."

"ఆ పొట్లాలు ఏమిటి మరియమ్మా?"

"నా చేత్తో ఒలిచినవేనండి. ఏ చెయ్యో మీరు చెప్పలేదుగా."

కుడి చెయ్యి చాపమన్నాను. కండ మీద నా వేలు ఆనించి, బొటనవేలు ఎత్తమన్నాను. ఏమీ తెలియలేదు. ఇంకోసారి అన్నాను. ఏమీ లేదు.

"అది రాదులెండి," అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఎడమది అలవాటు చేసుకుంటన్నాను. సగం పనే అవుతంది. పరీక్షలయ్యేదాకా మేస్త్రి ఒప్పుకున్నాడు. దానికి మాత్రం చెప్పమాకండి. చెపితే పుస్తకం మూసేసి వచ్చేస్తది."

"అబద్ధం మీద పరీక్ష రాయించమంటావా?"

"మీరు దానికి టీచరు. నేను అమ్మని. ఈ ఒక్కటీ నా మాట వినండి."

తిరుగు బస్సెక్కాను. ముందు ఒక కొమ్మని చూపించకుండా దాటేశాను, ఇప్పుడు ఒక చేతిని దాచిపెడుతున్నాను. అయినా ఎస్తేరుకి చెప్పలేదు. ఆ తరవాతి సోమవారాలు పది నిండు కాయలు చూసి "బాగుంది" అన్నాను. ఆ మాట అనడం ఎంత కష్టమో అన్నాళ్ళూ నాకు తెలిసింది.

బెంచీ

ప్రాక్టికల్ రోజున వేరే ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎస్తేరుని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి అరచెయ్యి అడిగారు. ఆ పిల్ల పట్టకారుతో కొమ్మని సున్నితంగా ఎత్తి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు.

"ఇది తెగితే రోగి ఏమని చెప్తాడు?"

"ఏమీ చెప్పకపోవచ్చు సార్. మంట తెలుస్తుందంటారు. వేలు పైకి ఎత్తమని మనమే అడగాలి."

ఆయన మార్కుల కాగితం ముందుకి లాక్కున్నారు.

సాయంత్రం వరండాలో బెంచీ మీద మరియమ్మ కూర్చుని ఉంది. కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. ఎస్తేరు ఏప్రాన్ మడతపెట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. ఇక దాచలేక నేనే మొదలుపెట్టాను.

"ఎస్తేరూ, ఆ పొట్లాల సంగతి నీకొకటి చెప్పాలి."

"ఎడం చెయ్యని నాకు తెలుసండి," అంది. "ఎడం చేత్తో ఒలిస్తే తొడిమ అటు తిరిగి తెగుతుంది. చిన్నప్పట్నుంచి అమ్మ ఒలిచిన కాయలు చూస్తున్నానుగా. పది కాయలూ నిండుగా ఉన్న మొదటి పొట్లం విప్పినప్పుడే తెలిసింది."

మరియమ్మ కూతురి వైపు తిరిగింది. "తెలిసి ఊరుకున్నావటే?"

"నువ్వు అంత కష్టపడి ఒలుస్తుంటే రాయకుండా ఎట్టా వస్తానమ్మా."

అన్నేళ్ళు పరీక్షలు చేసినదాన్ని. ఆ తల్లీకూతుళ్ళు ఇద్దరూ నా ముందే అలా నెగ్గుకొచ్చారు. నాకు ఏడుపొచ్చింది. అది కనపడకుండా ఉండాలని కోపంగా, "ఏదీ, చెయ్యి పెట్టు," అన్నాను మరియమ్మతో.

ఆమె కుడి చెయ్యి వెల్లకిలా బెంచీ మీద పెట్టింది. కండ మీద వేలు ఆనించాను. ఎత్తమన్నాను. మొదట ఏమీ లేదు. రెండోసారి నా వేలి కింద ఏదో అదిరింది. నా వేలే వణికిందేమోనని తీసి, మళ్ళీ పెట్టాను.

"ఏదో కొట్టుకుంటంది మేడమ్," అంది మరియమ్మ, గొంతు తగ్గించి.

జేబులోంచి పెన్ను తీసి పైన పట్టుకున్నాను. బొటనవేలు బెంచీ మీద నుంచి లేచింది. రెండు కాయల ఎత్తు లేచి, వణుకుతూ ఆగింది. పెన్నుకి ఇంకా చాలా దూరం. ఎవరికీ ఒక్క మార్కు ఊరికే వెయ్యనిదాన్ని, నాకు తెలియకుండానే పెన్ను కిందికి దించడం మొదలుపెట్టాను.

"దించమాకండి మేడమ్," అంది ఎస్తేరు. "అక్కడే ఉంచండి. అమ్మే వస్తుంది."

మళ్ళీ పైకెత్తి పట్టుకున్నాను. ఆ వేలు ఆ పెన్నుని తాకేసరికి ఫిబ్రవరి వచ్చింది. కల్లాల్లో మళ్ళీ మిరపకాయలు ఎండబోశారు.